ఉద్యోగం అడగని ఇంటర్వ్యూ: ఇన్ఫర్మేషనల్ ఇంటర్వ్యూ ఎలా పనిచేస్తుంది, ఎక్కడ బెడిసికొడుతుంది

క్లుప్తంగా: ఉద్యోగ వేటలో ఉన్నవారు తాము వెళ్లాలనుకుంటున్న రంగంలో ఇప్పటికే పనిచేస్తున్న వ్యక్తిని 20, 30 నిమిషాలు కలిసి ఆ పని గురించి అడిగి తెలుసుకోవడాన్ని ఇన్ఫర్మేషనల్ ఇంటర్వ్యూ అంటారు. ఇందులో ఉద్యోగం మాట ఎత్తరు. ప్రకటనల్లో కనిపించని వివరాలు తెలియడం, తమ వలయం బయట ఉన్నవారి ద్వారా కొత్త కబుర్లు చేరడం దీనివల్ల కలిగే రెండు ప్రధాన లాభాలు. రిఫరల్ (కంపెనీలో పనిచేసేవారి సిఫార్సు) కోసం దీన్ని ముసుగుగా వాడినప్పుడు ఈ రెండూ దెబ్బతింటాయి.

ఉద్యోగం వెతుక్కునేవారికి తరచుగా వినిపించే సలహా ఒకటుంది: దరఖాస్తులు పంపడం కాసేపు ఆపి, ఆ రంగంలో ఉన్నవాళ్లతో మాట్లాడండి. వినడానికి సులువుగానే ఉంటుంది. ఆచరించబోయేసరికి సందేహాలు మొదలవుతాయి. ముక్కూమొహం తెలియని మనిషిని ఏమని అడగాలి? ఉద్యోగం కావాలని ఉన్నప్పుడు ఉద్యోగం ఊసే ఎత్తకపోవడం ఏమిటి? మాట్లాడినందుకు వాళ్లకు ఏం ఒరుగుతుంది? కొందరు దీన్ని దొడ్డిదారిగా చూస్తారు, కొందరు కాలక్షేపంగా కొట్టిపారేస్తారు. ఈ భేటీ అసలు ఏ పనికి పుట్టిందో తెలియకపోవడం వల్లే ఈ రెండు అభిప్రాయాలూ ఏర్పడ్డాయి.

పేరు తెచ్చిన గందరగోళం

ఇంటర్వ్యూ అనగానే బల్లకు అవతల నలుగురు, ఇవతల ఒక్కరు గుర్తొస్తారు. ప్రశ్నలు అటు నుంచి, జవాబులు ఇటు నుంచి. ఇక్కడ ఆ వరస తిరగబడుతుంది. అడిగేది ఉద్యోగార్థి, చెప్పేది ఉద్యోగంలో ఉన్న వ్యక్తి. ఆ కంపెనీలో ఖాళీ ఉండాల్సిన పనే లేదు. ఖాళీ లేనప్పుడే మాటలు ఇంకాస్త స్వేచ్ఛగా సాగుతాయి కూడా.

ఈ పద్ధతికి పేరు తెచ్చి ప్రచారంలో పెట్టిన వ్యక్తిగా అమెరికన్ రచయిత రిచర్డ్ బోల్స్‌ను చెబుతారు. ఆయన చర్చిలో మతబోధకుడిగా పనిచేసి, ఆ కొలువు పోగొట్టుకున్నారు. తనలాగే కొలువులు పోతున్న కళాశాల మతబోధకుల కోసం 1970లో ఒక చేతిపుస్తకాన్ని సొంతంగా అచ్చువేసుకున్నారు. తరువాతి దశాబ్దాల్లో అది ఎన్నో దేశాల్లో ఉద్యోగార్థుల చేతుల్లోకి వెళ్లింది. ఏ పని కావాలో ముందు తేల్చుకోవాలి, ఎక్కడ దొరుకుతుందన్నది ఆ తర్వాత చూసుకోవాలన్నది ఆయన పద్ధతికి ఇరుసు. అంటే ఈ భేటీ నిర్ణయానికి సాయం చేసే పనిముట్టుగా మొదలైంది. ఉద్యోగం ఇప్పించే దారిగా అది చెలామణి కావడం తర్వాతి సంగతి.

దీన్ని పోలినట్టు కనిపించేవి మరో రెండున్నాయి. మొదటిది రిఫరల్ అడగడం. అక్కడ ఉద్యోగార్థికి కావాల్సింది అవతలి వ్యక్తి మాట సాయం, సమాచారం కాదు. రెండోది కంపెనీ రిక్రూటర్, అంటే ఉద్యోగులను వెతికి తెచ్చే వ్యక్తి, 'ఊరికే ఓసారి మాట్లాడుకుందాం' అని పిలవడం. ఎంత సరదాగా సాగినా దాన్ని మొదటి వడపోత అనుకోవడమే క్షేమం, ఎందుకంటే అక్కడ అంచనా వేయబడేది అభ్యర్థి. ఎవరు ఎవరిని పిలిచారన్నది చూస్తే ఏది ఏదో చాలావరకు తెలిసిపోతుంది.

ప్రకటన చెప్పనిది

ఉద్యోగ ప్రకటన చేసే పనులు రెండు: తగినవారిని ఆకర్షించడం, తగనివారిని దూరంగా ఉంచడం. ఆ ఉద్యోగంలో రోజు ఎలా గడుస్తుందో చెప్పడం దాని పని కాదు. అందుకే జాబ్ డిస్క్రిప్షన్‌లో కంపెనీకి కావాల్సినవన్నీ వరసగా ఉంటాయి గానీ, వాటిలో దేనికి ఎంత సమయం పోతుందో ఉండదు. 'డేటా విశ్లేషణ, నివేదికల తయారీ' అన్న నాలుగు మాటల వెనక, వారంలో మూడు రోజులు తప్పుల తడకగా వచ్చిన ఫైళ్లను సరిచేయడమే ఉండొచ్చు. ఆ పని ఇష్టపడేవారికి అది స్వర్గం, ఇష్టంలేనివారికి నరకం. ప్రకటన ఇద్దరికీ ఒకేలా కనిపిస్తుంది.

ఈ లోటు కంపెనీలకూ తెలుసు. ఉద్యోగంలోని మంచీ చెడూ రెండూ చేరకముందే అభ్యర్థికి చూపించే పద్ధతి మీద జాన్ వానస్ వంటి మనస్తత్వవేత్తలు 1970ల నుంచి పరిశోధన చేశారు. ఆ తరహా పరిశోధనలన్నిటినీ కలిపి చూస్తే ప్రభావం భారీగా లేదు, కానీ మొగ్గు మాత్రం ఒకవైపే ఉంది: విషయం తెలిసి చేరినవారు మధ్యలో మానేయడం కొంత తక్కువ. కంపెనీ తానుగా చూపించనప్పుడు ఉద్యోగార్థి సొంతంగా వెతుక్కునే ముందస్తు చూపే ఇన్ఫర్మేషనల్ ఇంటర్వ్యూ అనుకోవచ్చు.

చదివి, ఊహించుకుంటే సరిపోదా అన్నది సహజమైన ప్రశ్న. దీనికి వేరే దిక్కు నుంచి ఒక జవాబు ఉంది. 2009లో మనస్తత్వవేత్త డేనియల్ గిల్బర్ట్ బృందం ఒక ప్రయోగం చేసింది. కొత్త వ్యక్తితో ఐదు నిమిషాల పరిచయ సంభాషణ తమకు ఎంత నచ్చుతుందో యువతులు ముందే అంచనా వేయాలి. కొందరికి ఆ వ్యక్తి ఫోటో, వివరాలు ఇచ్చారు. మిగతావారికి అవేమీ ఇవ్వకుండా, అంతకుముందు అతనితో మాట్లాడిన మరో యువతికి ఆ సంభాషణ ఎంత నచ్చిందో మాత్రమే చెప్పారు. రెండో గుంపు అంచనాలే నిజానికి బాగా దగ్గరగా వచ్చాయి. ఇంకా గమనించాల్సింది ఏమిటంటే, ప్రయోగం అయ్యాక కూడా ఎక్కువమంది ఫోటో, వివరాలే మేలని నమ్మారు. ఉద్యోగమూ ఐదు నిమిషాల సంభాషణా ఒకటి కావు. అయినా ఇందులో తేలిన లోపం ఉద్యోగ వేటకు నేరుగా తగులుతుంది. అనుభవించినవారి మాట కన్నా తమ ఊహ మీదే మనుషులకు గురి ఎక్కువ. నెలల తరబడి వెబ్‌సైట్లు చదివినవారు కూడా ఆ పనిలో ఉన్న ఒక్క మనిషికైనా ఫోన్ చేయకపోవడానికి ఇదొక కారణం.

అంతగా పరిచయం లేనివారే ఎందుకు?

సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన పరిశోధన పత్రం ఈ చర్చకు పునాది. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవారిని ఆయన ఒక ప్రశ్న అడిగారు: ఆ కబురు చెప్పిన వ్యక్తిని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారు? వారానికి కనీసం రెండుసార్లు అన్నవారు 16.7 శాతం. అప్పుడప్పుడు అన్నవారు 55.6 శాతం. ఏడాదికి ఒకసారో, అంతకన్నా తక్కువో అన్నవారు 27.8 శాతం. దగ్గరివాళ్లకు సాయం చేయాలన్న తపన ఎక్కువే. అయితే వాళ్లకు తెలిసింది చాలావరకు ఉద్యోగార్థికీ ముందే తెలిసి ఉంటుంది. ఒకే వలయంలో తిరిగే కబుర్లు మళ్లీమళ్లీ అక్కడికే వస్తాయి. ఆ వలయం దాటి ఉన్నవారికే కొత్త సంగతి తెలుస్తుంది.

గ్రానోవెటర్ లెక్క వేసింది కొద్దిమంది జవాబులతోనే. 2022లో 'సైన్స్' అనే పరిశోధన పత్రికలో వచ్చిన అధ్యయనం దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించింది. లింక్డ్‌ఇన్‌లో 'మీకు తెలిసి ఉండొచ్చు' అంటూ మనుషులను చూపించే ఏర్పాటును 2015 నుంచి 2019 దాకా రకరకాలుగా మార్చి, 2 కోట్ల మంది మీద ఫలితాలు చూశారు. మరీ దగ్గరివారికన్నా కొద్దిపాటి పరిచయం ఉన్నవారే ఉద్యోగం మారడానికి ఎక్కువగా తోడ్పడ్డారు. అయితే పరిచయం ఎంత పలచనైతే అంత మంచిదని కాదు. ఒక మేర దాటి మరీ పలచబడితే ఆ ఉపయోగమూ తగ్గింది. డిజిటల్ పని ఎక్కువగా ఉన్న రంగాల్లో దూరపు పరిచయాలు, అది తక్కువగా ఉన్న రంగాల్లో దగ్గరి పరిచయాలు ఎక్కువ పనికొచ్చాయి.

ఈ అధ్యయనం కొలిచింది పరిచయాలను, సంభాషణలను కాదు. ఇన్ఫర్మేషనల్ ఇంటర్వ్యూ చేస్తే ఉద్యోగం వస్తుందని ఇది నిరూపించినట్టు చెప్పడం సరికాదు. ఎవరిని కలవాలన్న ప్రశ్నకు మాత్రం దీని నుంచి దారి దొరుకుతుంది. రోజూ కలిసే స్నేహితుడు కాకుండా, బొత్తిగా ఏ సంబంధమూ లేని పెద్ద హోదా మనిషీ కాకుండా, మధ్యలో ఒకరిద్దరు ఉమ్మడి పరిచయస్తులున్న వ్యక్తి: పాత సహోద్యోగికి సహోద్యోగి, అదే కాలేజీలో కొన్నేళ్లు ముందు చదివినవారు, ఒకే శిక్షణకు వచ్చినవారు.

ఇదే సందర్భంలో, 70 నుంచి 80 శాతం ఉద్యోగాలు ప్రకటన లేకుండానే భర్తీ అవుతాయన్న మాట ఎక్కడపడితే అక్కడ కనిపిస్తుంది. రంగాన్ని బట్టి, హోదాను బట్టి, దేశాన్ని బట్టి మారిపోయే విషయం ఒకే అంకెలో ఇమడదు. ఆ మాట విని బెంబేలెత్తి దరఖాస్తులు మానేయనక్కర్లేదు.

అడగడానికి అడ్డొచ్చే మొహమాటం

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. 'అంత బిజీగా ఉండేవాళ్లు నాతో ఎందుకు మాట్లాడతారు' అన్న టెన్షన్. పరిశోధకులు ఫ్రాంక్ ఫ్లిన్, వెనెస్సా లేక్ 2008లో ప్రచురించిన ప్రయోగాలు ఈ భయాన్ని కొలిచాయి. ఐదుగురు అపరిచితుల చేత ఒక ప్రశ్నాపత్రం నింపించాలంటే సుమారు 20 మందిని అడగాల్సి వస్తుందని అడిగేవారు అనుకున్నారు. నిజానికి సుమారు 10 మందిని అడిగితే సరిపోయింది. అడిగేవారు అవతలివారికి కలిగే శ్రమ గురించే ఆలోచిస్తారు. అడిగించుకునేవారికేమో ఎదుట నిలబడిన మనిషికి 'కాదు' అని చెప్పడమే ఇబ్బంది. ఒకరి లెక్క మరొకరికి కనిపించదు.

ఇందులో ఒక షరతుంది: ఇదంతా ఎదురెదురుగా అడిగినప్పటి మాట. అదే వెనెస్సా (తర్వాత వెనెస్సా బోన్స్ పేరుతో) 2017లో మహ్దీ రోగనిజాద్‌తో కలిసి చేసిన ప్రయోగంలో, ఈమెయిల్‌లో అడిగేసరికి పరిస్థితి తలకిందులైంది. ఎదురుగా అడిగిన విన్నపానికి ఈమెయిల్ కన్నా 34 రెట్లు ఎక్కువ ఫలితం వచ్చింది. పంపినవారు మాత్రం తమ ఈమెయిల్ బాగానే పనిచేస్తుందని అనుకున్నారు. మెసేజ్‌కు జవాబివ్వకపోవడం 'కాదు' అనడం కన్నా తేలిక, అంతే. కాబట్టి ఇద్దరికీ తెలిసిన ఒకరు 'ఫలానావారు మీతో మాట్లాడాలనుకుంటున్నారు' అని ఒక మాట చెప్పడం, లేదా ఏదైనా సదస్సులో ఎదురుపడి అడగడం, ముందూవెనకా లేని పది మెసేజ్‌ల కన్నా మేలు. మెసేజ్ తప్ప వేరే దారి లేనప్పుడు జవాబులు తక్కువే వస్తాయని ముందే అనుకుంటే నిరుత్సాహం తగ్గుతుంది.

మెసేజ్‌లో ఏం రాస్తారన్నది మిగతాదంతా తేలుస్తుంది. సాధారణంగా వెళ్లేది ఇలా ఉంటుంది:

"నమస్తే మేడమ్. డేటా ఎనలిస్ట్ ఉద్యోగం కోసం చూస్తున్నాను. రెజ్యూమె జతచేశాను. మీ కంపెనీలో ఓపెనింగ్స్ ఏమైనా ఉంటే దయచేసి తెలియజేయగలరు."

ఇది చదివినవారి చేతిలో రెండే జవాబులున్నాయి: ఉన్నాయి, లేవు. చాలామందికి ఉద్యోగం ఇచ్చే అధికారం ఉండదు కాబట్టి జవాబు 'లేవు' అవుతుంది, లేదా అసలు రాదు. దీనికి బదులు:

"నమస్తే మేడమ్. ఆరేళ్లుగా అకౌంట్స్‌లో పనిచేస్తున్నాను. డేటా ఎనలిటిక్స్‌లోకి మారాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. మీరు ఆడిటింగ్ నుంచి ఇటు వచ్చారని మీ ప్రొఫైల్‌లో చూశాను. మారిన మొదటి ఏడాదిలో మీకు ఏది కష్టమనిపించిందో తెలుసుకోవాలని ఉంది. వచ్చే వారం మీకు వీలైన రోజు 20 నిమిషాలు ఫోన్‌లో మాట్లాడగలరా? ఉద్యోగం అడగడానికి కాదండి. వీలుకాకపోతే పర్వాలేదు."

రెండో మెసేజ్‌లో 'మీరే ఎందుకు' అన్నదానికి జవాబుంది. ఎంతసేపో ఉంది. ఆమె ఖాయంగా జవాబు చెప్పగలిగిన ప్రశ్న ఉంది, ఎందుకంటే అది ఆమె సొంత అనుభవం. తప్పుకోవడానికి మర్యాదైన దారీ ఉంది. రెజ్యూమె లేదు. రెజ్యూమె జతచేసిన క్షణంలో పైన రాసిన మాటలన్నీ సాకులుగా మారిపోతాయి.

ముందు చేసుకోవాల్సిన హోంవర్క్

తయారీకి ఒక గీటురాయి పెట్టుకోవచ్చు: పది నిమిషాలు వెతికితే దొరికే విషయాన్ని మనిషిని అడగకూడదు. మర్యాద కోసమే ఈ నియమం కాదు. ఉన్నవి 20 నిమిషాలు. కంపెనీ ఏం చేస్తుంది, ఎన్ని శాఖలున్నాయి అన్న ప్రశ్నలకు పది పోతే, మనిషి నోటి నుంచి మాత్రమే వినగలిగే సంగతులకు పదే మిగులుతాయి.

వృత్తి గురించిన సాధారణ వివరాలకు బహిరంగ వనరులు చాలా ఉన్నాయి. అమెరికా కార్మిక శాఖ నడిపే ఓ-నెట్ అనే ఉచిత సమాచార నిధిలో 900కు పైగా వృత్తులకు చేసే పనులు, కావాల్సిన నైపుణ్యాలు, వాడే పనిముట్లు వివరంగా ఉంటాయి. మిగతా దేశాలవారికి జీతాల లెక్కలు పనికిరాకపోయినా పనుల జాబితా చాలావరకు పనికొస్తుంది. ఆ జాబితా ముందు పెట్టుకుని, ఇందులో నిజంగా రోజూ చేసేవి ఏవి, కాగితం మీదే ఉండేవి ఏవి అని అడిగితే మంచి ప్రశ్న తయారైనట్టే. కలవబోయే వ్యక్తి ప్రొఫైల్, ఎక్కడైనా రాసినవి, మాట్లాడినవి ఉంటే అవి, కంపెనీ వార్షిక నివేదిక చదివి వెళ్లాలి. తన గురించి రెండు మూడు వాక్యాలు సిద్ధం చేసుకోవాలి, ఎందుకంటే 'మీ గురించి చెప్పండి' అని అవతలివారు తప్పకుండా అంటారు. అక్కడ పది నిమిషాల ఆత్మకథ మొదలైతే భేటీ అక్కడితో అయిపోయినట్టే.

ఆ 20 నిమిషాల్లో జరిగేది

1954లో జాన్ ఫ్లానగన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఒక పద్ధతిని వివరించారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమాన సిబ్బంది ఎంపిక కోసం చేసిన పనిలోంచి అది పుట్టింది. 'మంచి పైలట్‌కు ఏ లక్షణాలుండాలి' అని అడిగితే సాధారణంగా పెద్ద పెద్ద మాటలే వస్తాయి. అందుకని నిజంగా జరిగిన ఒక ఘటన చెప్పించి, అందులో ఎవరు ఏం చేశారో అడిగి రాసుకునేవారు. పెద్ద మాటల వెనక దాగేది ఘటనలో బయటపడుతుంది. ఇన్ఫర్మేషనల్ ఇంటర్వ్యూకు ఇంతకన్నా పనికొచ్చే సూత్రం కనిపించదు.

పైన చెప్పిన అకౌంట్స్ ఉద్యోగి, ఎనలిస్ట్ మాట్లాడుకుంటున్నారనుకుందాం.

"ఈ ఉద్యోగంలో మీ రోజు ఎలా ఉంటుంది మేడమ్?"

"బాగానే ఉంటుందండీ. రోజూ ఏదో ఒక కొత్త సవాలు. నేర్చుకోవడానికి చాలా ఉంటుంది."

ఇందులో అబద్ధం లేదు, సమాచారమూ లేదు. అదే ప్రశ్న మరోలా:

"నిన్న పొద్దున కంప్యూటర్ ఆన్ చేశాక మొదట చేసిన పనేమిటో గుర్తుందా మేడమ్?"

"నిన్నా... రెండు బ్రాంచీల నుంచి వచ్చిన ఫైళ్లలో తేదీలు కలవలేదు. ఒకరు రోజు ముందు రాస్తారు, ఇంకొకరు నెల ముందు రాస్తారు. అది సరిచేసేసరికే లంచ్ టైమ్ అయింది. తర్వాత సేల్స్ వాళ్లతో మీటింగ్. వాళ్లకు కావాల్సింది ఒక్క అంకె. ఆ అంకెను ఎందుకు నమ్మాలో చెప్పడానికే గంట పట్టింది."

"వాళ్లు నమ్మనప్పుడు ఏం చేస్తారు?"

"మొదట్లో లెక్కంతా చూపించేదాన్ని. ఎవరూ వినేవాళ్లు కాదు. ఇప్పుడు వాళ్లకు తెలిసిన ఒక కస్టమర్‌ను తీసుకుని, ఆ ఒక్క కస్టమర్ లెక్క ఎలా వచ్చిందో చూపిస్తాను."

ఈ కాస్త మాటల్లో అకౌంట్స్ ఉద్యోగికి రెండు సంగతులు తెలిశాయి. లెక్కలు కలవని ఫైళ్లతో కుస్తీ తనకు కొత్త కాదు, ఆరేళ్లుగా చేస్తున్నదే. కొత్తది ఎదుటివారిని ఒప్పించడం. ఏ కోర్సులో చేరాలా అని తల పట్టుకున్న మనిషికి, తనకు తక్కువైంది సాఫ్ట్‌వేర్ కాకపోవచ్చని ఇక్కడే తోస్తుంది. మూడో ప్రశ్న ముందుగా రాసుకున్నది కాదన్నది కూడా గమనించాలి. రాసుకున్న పది ప్రశ్నలూ పూర్తిచేయాలన్న ఆత్రంలో, జవాబులోంచి పుట్టాల్సిన ప్రశ్న చాలాసార్లు జారిపోతుంది. ఐదారు ప్రశ్నలు చేతిలో ఉంచుకుని మూడే అడిగినా నష్టం లేదు.

ఇంకో లాభం కూడా ఉంది, అది అంతగా చర్చకు రాదు: వాడుక మాటలు. ప్రతి రంగానికీ లోపలివాళ్లు వాడే పదాలుంటాయి. బయటివారి రెజ్యూమె చదవగానే బయటివారిదని తెలిసిపోయేది చాలావరకు ఈ మాటల దగ్గరే. చేసిన పని అదే అయినా పేరు వేరు. నలుగురితో మాట్లాడాక తన పాత పనిని కొత్త రంగం భాషలో చెప్పుకోవడం వస్తుంది. నిజమైన ఉద్యోగ ఇంటర్వ్యూలో దీని విలువ తెలుస్తుంది.

జీతం గురించి అడగొచ్చా అంటే, అడగొచ్చు. 'మీకు ఎంత వస్తుంది' అనకుండా, 'ఈ హోదాలో కొత్తగా చేరేవారికి మార్కెట్‌లో ఏ రేంజ్‌లో ఉంటుందంటారు' అంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. కంపెనీ లోపలి రహస్యాలు, క్లయింట్ల పేర్లు మాత్రం అడగకూడదు. సమయం ముగియవచ్చినప్పుడు గుర్తుచేయాల్సింది అడిగినవారే. 'మీరు ఇచ్చిన 20 నిమిషాలు అయ్యాయండి' అన్న మాట విన్నాక చాలామంది మరో పది నిమిషాలు తామే మాట్లాడతారు.

రిఫరల్ దగ్గర తెగే దారం

భేటీ బాగా జరిగింది, అవతలివారు ఆప్యాయంగా మాట్లాడారు. ఇప్పుడు రిఫరల్ అడిగితే తప్పేమిటి? చాలా కంపెనీల్లో రిఫర్ చేసిన ఉద్యోగికి బోనస్ కూడా ఉంటుంది కదా అన్నది వాదన. రిఫర్ చేయడమంటే ఆ ఉద్యోగి తన పేరును పూచీగా పెట్టడం. 20 నిమిషాల పరిచయానికి ఎవరూ మనస్ఫూర్తిగా పూచీ పడలేరు. మొహమాటానికి చేసే రిఫరల్ వల్ల రెజ్యూమె ఒక కంప్యూటర్ జాబితాలో చేరుతుంది, అంతకుమించి జరిగేది తక్కువ. పైగా ఉద్యోగం అడగబోనని చెప్పి వచ్చిన వ్యక్తి అదే అడిగితే, అప్పటిదాకా చెప్పిన మాటలన్నీ తన నుంచి రాబట్టినవేనన్న భావన అవతలివారికి కలుగుతుంది. ఆ తర్వాత అదే కోరికతో వచ్చే మరొకరికీ తలుపు మూసుకుంటుంది.

దీనికి బదులుగా అడగదగ్గ ప్రశ్న ఒకటుంది: 'ఈ విషయంలో నేను ఇంకెవరితో మాట్లాడితే బాగుంటుందంటారు?' దీనికి పూచీ అక్కర్లేదు, ఒక పేరు చాలు. ఆ పేరుతో వెళ్లే తర్వాతి విన్నపం ముక్కూమొహం తెలియని మెసేజ్ కాదు కాబట్టి, పైన చెప్పిన ఈమెయిల్ సమస్య చాలావరకు తీరుతుంది. అవతలివారే 'రెజ్యూమె పంపండి' అంటే పంపడంలో తప్పులేదు. అప్పుడు చొరవ వారిది.

విన్నది ఎంతవరకు నమ్మాలి

ఒక్కరి అనుభవం ఒక్కరిదే. ప్రమోషన్ వచ్చిన వారంలో కలిస్తే ఉద్యోగం బంగారంలా వినిపిస్తుంది, బాస్‌తో గొడవపడిన రోజు కలిస్తే మరోలా. ఇంతకన్నా లోతైన పొరపాటు ఇంకోటుంది: కలవడానికి దొరికేవారందరూ ఆ రంగంలో నిలబడినవారే. తట్టుకోలేక వెళ్లిపోయినవారు ఆ జాబితాలోనే ఉండరు. 'కష్టపడితే ఎవరైనా పైకొస్తారు' అని నిలబడినవారు నిజాయితీగానే చెబుతారు, వెళ్లిపోయినవారు పడిన కష్టం వారికి కనిపించలేదు కాబట్టి. అందుకే ఆ రంగం వదిలేసిన ఒకరిద్దరిని వెతికి పట్టుకుని మాట్లాడటం తప్పనిసరి. ఈ ఒక్క పని చేసేవారు చాలా తక్కువ, దీనివల్ల తప్పే పొరపాట్లు మాత్రం ఖరీదైనవి. పదిహేనేళ్ల కిందట చేరినవారు చెప్పే ప్రవేశమార్గం ఇప్పుడు ఉండకపోవచ్చన్నదీ గుర్తుంచుకోవాలి.

ఎంతమందిని కలిస్తే చాలు? పరిశోధకులకూ ఇదే సందేహం వచ్చింది. 2006లో గ్రెగ్ గెస్ట్, ఆర్వెన్ బన్స్, లారా జాన్సన్ ఘనా, నైజీరియాల్లో మహిళలతో చేసిన 60 ఇంటర్వ్యూలను తిరగేశారు. కొత్త అంశాలు మొదటి 12 ఇంటర్వ్యూల్లోనే దాదాపు అన్నీ వచ్చేశాయి. ప్రధానమైనవి ఆరింటికే కనిపించాయి. ఒకే తరహా మనుషులను ఒకే రకం ప్రశ్నలు అడిగినప్పటి లెక్క ఇది. ఉద్యోగ వేటకు దీన్ని యథాతథంగా అతికించలేం గానీ, ఒకే హోదా గురించి ఐదారుగురితో మాట్లాడాక విన్నవే మళ్లీ వినిపిస్తుంటే ఇక ఆగి నిర్ణయం తీసుకోవచ్చనడానికి ఇది ఆసరా. రెండు రంగాల మధ్య ఊగిసలాడుతున్నవారు మాత్రం దేనికది విడిగా లెక్కవేసుకోవాలి.

విన్నది రాసుకోవాల్సింది కూడా వెంటనే. కొత్తగా నేర్చుకున్నది మొదటి గంటల్లోనే ఎక్కువగా జారిపోతుందని 1885లోనే హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన జ్ఞాపకశక్తి మీద తానే చేసుకున్న ప్రయోగాల్లో చూపించారు. ఆయన బట్టీపట్టినవి అర్థంలేని అక్షరాలు, సంభాషణ అంత త్వరగా పోదు. అయినా సాయంత్రానికి సారాంశమే మిగులుతుంది, అసలు మాటలు పోతాయి. పనికొచ్చేవి ఆ మాటలే.

భేటీ తర్వాత

మర్నాటిలోగా కృతజ్ఞతలు చెప్పడం అందరికీ తెలిసిందే. అరుదుగా జరిగేది రెండో మెసేజ్. నెల రోజుల తర్వాత 'మీరు చెప్పారని ఆ చిన్న ప్రాజెక్టు చేసి చూశాను, ఫలానా చోట చిక్కుకున్నాను, చివరికి ఇలా తేలింది' అని నాలుగు వాక్యాలు రాస్తే, సలహా ఇచ్చిన వ్యక్తికి ఆ మాట ఊరికే పోలేదని తెలుస్తుంది. పరిచయం నిజంగా మొదలయ్యేది అప్పుడే. ఆ తర్వాత ఎక్కడైనా ఖాళీ వస్తే వారికి గుర్తొచ్చేది, 20 నిమిషాలు మాట్లాడిన మనిషి కన్నా, చెప్పింది చేసి చూపించిన మనిషే.

ఎక్కడ పనికిరాదు, ఎవరికి అందదు

రాత పరీక్ష మార్కులతోనే భర్తీ అయ్యే ఉద్యోగాల్లో ఈ భేటీ ఎంపికను ప్రభావితం చేయదు, చేయకూడదు కూడా. ఆ పని తనకు సరిపడుతుందో లేదో తెలుసుకోవడానికి మాత్రం అక్కడా పనికొస్తుంది. వచ్చే నెల అద్దెకు డబ్బు కావాల్సిన వ్యక్తికి ఇది మొదటి దారి కాదు. పరిచయం దొరకడం, సమయం కుదరడం, మాట్లాడటం అన్నీ కలిపి వారాలు పడుతుంది. అలాంటప్పుడు దరఖాస్తులు ఆపకుండా వారానికి ఒక భేటీ పెట్టుకోవడం నయం.

ఇంకా బరువైన ప్రశ్న సమానత్వం గురించి. మనుషుల పరిచయాలు తమలాంటివారి మధ్యే ఎక్కువగా అల్లుకుంటాయని సామాజిక శాస్త్రవేత్త మిల్లర్ మెక్‌ఫర్సన్ బృందం 2001లో ఎన్నో అధ్యయనాలను క్రోడీకరించి చూపించింది. తల్లిదండ్రులు అదే వృత్తిలో ఉన్న అమ్మాయికి ఇలాంటి ఇంటర్వ్యూలు చిన్నప్పటి నుంచీ ఇంట్లోనే, భోజనాల దగ్గరే జరిగిపోతుంటాయి. దానికెవరూ పేరు పెట్టరు. ఇంట్లో మొదటిసారి ఉద్యోగంలోకి వెళ్తున్న అబ్బాయికి ఎవరిని అడగాలో కూడా తెలియదు. పద్ధతి ఒకటే అయినా ఇద్దరూ బయల్దేరే చోటు ఒకటి కాదు. పూర్వ విద్యార్థులను కలిపే కాలేజీ విభాగాలు, వృత్తి సంఘాలు ఈ తేడాను కొంత పూడ్చగలవు, అయితే అక్కడా అడగడం తెలిసినవారికే ముందు అందుతుంది.

పరిచయాలు లేనివారు సాధారణంగా పెద్ద హోదాలో ఉన్నవారికి రాసి, జవాబు రాక ఆగిపోతారు. వీరికి మొదటి భేటీ సులువుగా దొరికే చోటు వేరే ఉంది. ఆ రంగంలో చేరి ఏడాదో రెండేళ్లో అయినవారు. వారి దగ్గరికి సలహా కోసం వచ్చేవారు తక్కువ, కాబట్టి సమయం దొరుకుతుంది. లోపలికి వచ్చిన దారి వారికి ఇంకా గుర్తుంటుంది: ఏ పరీక్ష పెట్టారు, ఏ ప్రశ్న దగ్గర తడబడ్డారు, మొదటి మూడు నెలల్లో ఏది అర్థం కాలేదు అన్నవన్నీ. పదిహేనేళ్ల అనుభవం ఉన్న మేనేజర్‌కు ఇవన్నీ ఎప్పుడో మర్చిపోయిన సంగతులు.